ముట్టుకున్న గుంట

ఇలా రామ్మా, కాస్త దగ్గరగా జరిగి కూర్చో. ఆ ఫోను ఒళ్లో బోర్లించు, అదెక్కడికీ పారిపోదు. ఏ ఆట ఫస్టు, ఏది సెకండు, ఏది ఎందుకు గొప్ప అని పొద్దుటి నుంచీ నీ స్నేహితురాలితో తగువు పడుతున్నావు కదా. ఆ తగువు మన వైపు ఎప్పుడో జరిగింది, నువ్వు పుట్టక ముందు, మీ అమ్మకి జడలు వేసే రోజుల్లో. అల్లవరం అవతల ఒక పెద్దింటి వెనక వసారాలో. ఆడినవాళ్లు నీలాంటి పిల్లలు కారు, నలభయ్యో పడికి దగ్గరపడ్డ ఆడవాళ్లు. విను. మధ్యలో ప్రశ్నలు వెయ్యకు, నాకు దారి తప్పుతుంది.

జ్ఞానమ్మ కువైట్ నుంచి సెలవు మీద వచ్చింది. అప్పుడప్పుడే మన పేటల్లోంచి ఆడవాళ్లు అలా ఇళ్లపనికి విమానమెక్కడం మొదలైన కాలం అది. మళ్లీ శుక్రవారం పొద్దున్న రాజమండ్రి బస్సు, అక్కణ్ణించి రైల్లో బొంబాయి, తరవాత విమానం. పిల్లలిద్దరూ అమలాపురం హాస్టల్లో ఉన్నారు, వాళ్లని చూసి రావడం అయిపోయింది. మొగుడు దేవదానం కొబ్బరికాయలు ఒలిచే పనికి పొద్దున్నే పోతాడు. సోమవారం పూట జ్ఞానమ్మ గడపలో కూర్చుని, చీపురు కోసం కొబ్బరాకుల్లోంచి ఈనెలు తీస్తోంది. అత్తగారు ఎలీసమ్మ పక్కనే కూర్చుని కోడలు తెచ్చిన అత్తరు సీసా మూత తీసి వాసన చూసి, మళ్లీ బిగించి, మళ్లీ తీస్తోంది.

"అస్తమానం తీత్తే గాలికి పోద్ది అత్తా."

"పోతే నా ఇంట్లోకే కదే పోయేది," అంది ఎలీసమ్మ.

అప్పుడు పెద్దింటి పాలేరు సింహాద్రి వచ్చి కంచె అవతల నిలబడ్డాడు. "జ్ఞానమ్మా, భూలక్ష్మిగారు రమ్మంటన్నారు. నువ్వేదో ఆడుకునే పెట్టె తెచ్చేవంట కదా, అదీ అట్టుకు రమ్మన్నారు."

భూలక్ష్మి పెద్దింటి ఆడపడుచు, మంగరాజుగారి చెల్లెలు. రావులపాలెంలో అరటికాయల వ్యాపారం చేసేవారింటికి ఇచ్చారు. అక్కడ కాలవ రేవులో మెట్టు మీద జారి కాలు విరిగితే, పిండికట్టు వేయించి పుట్టింటికి తెచ్చి పడుకోబెట్టారు. ఆ మాట వినగానే జ్ఞానమ్మ కత్తి కింద పెట్టేసింది. చిన్నప్పుడు తల్లి ఆ ఇంటి పెరట్లో ధాన్యం తూర్పారబడుతుంటే, జ్ఞానమ్మా భూలక్ష్మీ వసారా అంచున వామనగుంటలు ఆడేవారు. వసారా మీద భూలక్ష్మి, కింద మట్టిలో నిలబడి జ్ఞానమ్మ, ఇద్దరి మధ్యా గుంటల పీట. ఎవరి పెళ్లి వాళ్లకయ్యాక కూడా, భూలక్ష్మి పుట్టింటికి వచ్చినప్పుడల్లా కబురొచ్చేది. ఆటకి రమ్మని జ్ఞానమ్మని పేరు పెట్టి పిలిచిన మనిషి ఈ లోకంలో ఆవిడ ఒక్కతే. మిగతావాళ్లంతా పిలిచింది పనికే.

పెట్టె అంటే ఏమంత పెట్టె కాదు. చేతిలో ఇమిడిపోయేది. మధ్యలో చిన్న అద్దం, అటూ ఇటూ రెండేసి మీటలు. అద్దంలో నాలుగు మూలలా నాలుగు కోళ్లు కూర్చుని గుడ్లు పెడతాయి. అవి దొర్లుతూ వస్తుంటే నడుమ నిలబడ్డ మనిషి బుట్ట పట్టాలి. పోను పోను కోళ్లకి తొందరెక్కువవుతుంది. మూడు గుడ్లు పగిలితే ఆట అయిపోయినట్టు. కువైట్‌లో ఆవిడ చూసుకునే పిల్లాడు ఫహద్, కొత్తది రాగానే దీన్ని ఆమె ఒళ్లోకి విసిరేశాడు.

జ్ఞానమ్మ వెనక దారిన వెళ్లి, పశువుల పాక దగ్గర చెప్పులు విడిచింది. వసారాలో మంచం మీద భూలక్ష్మి పిండికట్టు కాలు తలగడ మీద పెట్టుకుని, కట్టులోకి కొబ్బరీనె దూర్చి కళ్లు మూసుకుని గోక్కుంటోంది.

"వచ్చేవా. ఏవే, కువైట్ వెళ్లి తెల్లబడ్డావేవిటే?"

"ఎండ మొహం చూత్తే కదండి. రెండేళ్లూ ఇంట్లోనేనండి."

"నేనూ నెల్లాళ్లుగా ఎండ మొహం చూళ్లేదు. నేనెందుకు తెల్లబళ్లేదు?"

"మీరు పుట్టటమే తెలుపండి. ఇంకెక్కడికి తెల్లబడతారండి."

"నీ నోటికి మాత్రం అక్కడా తాళం వెయ్యలేకపోయేరన్నమాట. ఏదీ, చూపించు."

భూలక్ష్మి వదిన సత్యనారాయణమ్మ వంటింటి గుమ్మంలోంచి చూస్తోంది. "కింద పెట్టవే జ్ఞానమ్మా. అమ్మాయి తీసుకుంటుంది," అంది.

జ్ఞానమ్మ పెట్టెను నేల మీద పెట్టి ఓ అడుగు వెనక్కి జరిగింది. భూలక్ష్మి మంచం పట్టె మీంచి చెయ్యి చాచింది. అందలేదు. ఇంకా వంగబోతే కాలు కలుక్కుమంటే మూలిగింది. వదినగారు తీసి ఇవ్వదు. తీస్తే అంటు. కాసేపు ముగ్గురూ ఆ పెట్టె వంకే చూశారు, నేల మీద చచ్చిన ఎలకని ఎవరు తీస్తారా అన్నట్టు.

"ఇంక చాల్లే, చేతికియ్యవే," అంది భూలక్ష్మి.

జ్ఞానమ్మ ఒక కొస పట్టుకుని ఇచ్చింది. భూలక్ష్మి రెండో కొస పట్టుకుని తీసుకుంది. వదినగారు లోపలికి పోయింది.

ఇక చూడు ఆ మధ్యాహ్నం. భూలక్ష్మికి మొదట గుడ్లన్నీ పగిలిపోయాయి. "ఈ కోళ్లకి ఏం దాణా పెట్టేరే, ఇంత తొందరేవిటే," అని తిట్టింది. రెండు మూడు ఆటలకి చెయ్యి కుదిరింది. తను ఆడటం, పెట్టెను కొస పట్టి అందివ్వడం, జ్ఞానమ్మ ఆడటం. జ్ఞానమ్మ బొటనవేళ్లు ఆ మీటల మీద ఎలా తిరిగేవంటే, మగ్గం ముందు కూర్చున్న బండారులంక మనిషి పాదాల్లా వాటంతటవే తిరిగేవి. అద్దం వంక చూడక్కర్లేదు, గుడ్డు దొర్లే టిక్కుటిక్కు చాలు. కానీ భూలక్ష్మికి వచ్చిన లెక్క దగ్గరికి రాగానే ఆ బొటనవేలు కాస్త బరువెక్కేది. ఒక గుడ్డు పగిలేది. ఇంకోటి పగిలేది. "అయ్యో, పోయిందండి," అనేది జ్ఞానమ్మ.

"మళ్లీ నేనే," అని భూలక్ష్మి మంచం మీద పిడికిలితో కొట్టుకునేది. ఆ సంబరం చూస్తే జ్ఞానమ్మకి కడుపు నిండినట్టుండేది. అలా ఓడిపోవడం మెప్పు కోసం కాదు, అది పని. చీపురు పట్టినట్టు, చిన్నప్పటి నుంచీ చేతికి తెలిసిన పని.

వెళ్లేముందు భూలక్ష్మి అడిగింది. "ఈ రాత్రికి ఉంచవే. కాలు పీకుతుంటే నిద్ర పట్టి చావదు."

"ఉంచుకోండి. నేనేం చేసుకుంటానండి."

మర్నాడు మంగళవారం. జ్ఞానమ్మ వెళ్లేసరికి భూలక్ష్మి గోడ వైపు చూస్తూ పడుకుని ఉంది. పెట్టె మంచం పక్కన స్టూలు మీద ఉంది. జ్ఞానమ్మ వంగి చూసింది. అద్దం లోపల సిరా ఒలికినట్టు నల్లటి మరక. కోళ్లు లేవు, బుట్ట లేదు. మీట నొక్కితే ఉలుకూ పలుకూ లేదు.

గుమ్మంలో సత్యనారాయణమ్మ చెంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడింది. "నాలుగు చుక్కలే చల్లేనే జ్ఞానమ్మా. పసుపునీళ్లు. అమ్మాయి మంచం మీద పెట్టుకుని పడుకుంటానంటే, ఊరికే అలా... వెనకటికి మీరాడిన చింతగింజల మీద మా అత్తగారు చల్లేవారు కాదా. వాటికేవైనా అయ్యిందా? దీనికి ఇంత సుకుమారం అని నాకేం తెలుసు."

ఆవిడ నిజంగానే బాధపడుతోంది. అదే చిక్కు. కోపం పెట్టుకోవడానికి కూడా చోటు లేదు.

"దీంట్లో కరెంటు ఉంటాదండి. నీళ్లు పడకూడదండి," అంది జ్ఞానమ్మ. చీర చెంగుతో అద్దం తుడిచింది. వెనక మూత తీస్తే పసుపు చుక్క ఒకటి బొట్టులా మెరిసింది. చేటలో పెట్టి ఎండలో ఆరబెట్టింది. వడియాల పక్కన ఆ పెట్టె ఆరుతూ ఉంటే కాకి వచ్చి ఒకసారి ముక్కుతో పొడిచి చూసి, తినేది కాదని ఎగిరిపోయింది. గంట పోయాక చూసినా మరక అలాగే ఉంది.

"సెలవులకి పిల్లలొస్తే ఇవ్వాలనుకున్నావు కదే," అంది భూలక్ష్మి, గోడ వైపు నుంచి తిరక్కుండానే.

"పోన్లెండి. అక్కడ ఇలాటివి చెత్తబుట్టలో పడేత్తారండి."

"నేనావిడ ఇంట్లో అన్నం తింటున్నదాన్ని. పుట్టిల్లయినా ఇప్పుడావిడ ఇల్లే. ఏవని అననే."

"ఏవీ అనకండి. ఆవిడ మాత్రం కావాలని చేసేరా."

భూలక్ష్మి అప్పుడు ఇటు తిరిగింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఈనె తీసుకుని కట్టులోకి దూర్చింది. కాసేపు గోక్కుంది. "సరే, పెట్టె పోయింది, నోరు పోలేదు కదా. ఆ పిల్లాడి దగ్గర టీవీలో ఆడే ఆటలున్నాయని నిన్న అన్నావు. అవి చెప్పు. వరసలో చెప్పు. ఏది ఫస్టు, ఏది ఆఖరు, ఎందుకో కూడా చెప్పాలి. ఊరికే బాగుంటాదంటే ఒప్పుకోను."

జ్ఞానమ్మ నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. పని లేని చేతులు ఆవిడకి అలవాటు లేదు. పక్కనున్న కొబ్బరాకు లాక్కుని ఈనె చీలుస్తూ మొదలుపెట్టింది.

"అన్నిటికన్నా ఆఖరు కారాటండి. టీవీలో రోడ్డు మీదికి వచ్చేత్తా ఉంటాది. ఎదురుగా లారీలు. మీ రావులపాలెం సెంటర్లో అరటిగెలల లారీలకి అడ్డం పడినట్టే ఉంటాదండి. నేను కుర్చీలో కూచుని కాలితో నేలని తొక్కేత్తా ఉంటానండి, బ్రేకనుకుని. మావా నవ్వేది."

"మావా ఎవరే?"

"ఇంటావిడండి. ఇంటావిణ్ణి మామా అనాలండి అక్కడ."

"ఆడమనిషిని మావా అంటావా?" భూలక్ష్మి నవ్వుకి మంచం కదిలింది. "మరి ఆయన్నేవంటావు, అత్తా అనా?"

"ఆయన్ని బాబా అనాలండి. మొదట్లో నాకూ నోరు తిరగలేదండి. ఆవిణ్ణి మావా అని పిలిచినప్పుడల్లా మా మేనమావ మోషే గుర్తొచ్చేవాడండి, మీసాలతో సహా."

వంటింట్లోంచి సత్యనారాయణమ్మ నవ్విన చప్పుడు కూడా వినపడింది. భూలక్ష్మి కళ్లు తుడుచుకుంది. "ఊఁ, ఆఖర్నుంచి రెండోది?"

"పురుగుల ఆటండి. పైనుంచి బారులు తీరి దిగుతా ఉంటాయండి, వరి మీదికి దోమ దిగినట్టు. కింద నించి మనం తుపాకీతో కొట్టాలండి. బానే ఉంటాది గానండి, ఎన్ని చంపితే అన్నొత్తాయండి. ఒక బారు చంపితే ఇంకా తొందరగా ఇంకో బారు. అంతం లేదండి."

"మరి గెలవటం ఎప్పుడే? అష్టాచెమ్మాలో కాయ నడింట్లోకి వచ్చి పండుతుంది కదా. అలా పండటం ఉండదూ?"

జ్ఞానమ్మ ఈనె చీల్చడం ఆపి ఆలోచించింది. రెండేళ్లుగా ఆడుతూ తనకి తట్టని సంగతి. "లేదండి. ఆ ఆటల్లో పండటం లేదండి. ఎంతసేపు ఆడినా ఆఖరికి చావటమేనండి. ఎంత ఆలస్యంగా చత్తే అంత గొప్ప."

"అదేం ఆటే. బతుకులాగే ఉంది," అంది భూలక్ష్మి. "సెకండు చెప్పు."

"సెకండు బంతాటండి." జ్ఞానమ్మ గొంతు మారింది. "టీవీకి ఆ చివరో చెక్క, ఈ చివరో చెక్క. నడుమ బంతి. అంతేనండి, బొమ్మలూ రంగులూ ఏవీ లేవు. బంతి ఇటొత్తే ఇటు కొట్టాలి, అటొత్తే ఆ పిల్లాడు కొట్టాలి. టక్కు, టక్కు అని చప్పుడు. ఆ చప్పుడు వింటా ఉంటే ఇల్లూ, వంటా, ఇస్త్రీ బట్టలూ అన్నీ మర్చిపోతామండి. అన్నిట్లోకీ అందవైందదేనండి. ఫస్టే ఇద్దును. కానీ ఓడిపోవటం అందులోనే చాలా కష్టమండి. బంతి నెమ్మదిగా వస్తాది. వద్దనుకున్నా చెయ్యి దానంతటదే వెళ్లిపోతాది."

"ఓడిపోవటం కష్టమేవిటే? గెలవటం కదా కష్టం."

జ్ఞానమ్మ నాలిక కరుచుకుంది. "అంటే అదేనండి..."

"అదేనంటే? సరే, ఫస్టు చెప్పు."

"ఫస్టు దుప్పటాటండి. మేడ తగలబడతా ఉంటాది. పై కిటికీల్లోంచి మనుషులు దూకుతారు. కింద ఇద్దరు మనుషులు చెరో కొస పట్టుకుని దుప్పటి చాపాలండి. ఒక మనిషి నేను, ఒక మనిషి ఆ పిల్లాడు. ఇద్దరూ కలిసి ఒకే వైపు పరిగెత్తాలి. ఒకళ్లు నిలబడిపోతే దుప్పటి వాలిపోయి దూకినోడు పడిపోతాడండి. ఆ ఆటకొచ్చేసరికి నాకు హాయండి. బాగా ఆడొచ్చు. ఎంత బాగా ఆడితే ఆ పిల్లాడికి అంత సంతోషం. ఓడిపోనక్కర్లేదండి."

ఆ హుషారులో చెప్పేసింది. చెప్పాక తనేం చెప్పిందో తనకే వినపడింది.

భూలక్ష్మి చేతిలో ఈనె ఆగిపోయింది. "మిగతా ఆటల్లో ఓడిపోవాలా?"

"చిన్నపిల్లాడండి. ఓడిపోతే ఏడుత్తాడు. ఏడిత్తే మావా నన్నంటాది కదండి. ఓ పక్క వంట చేత్తాం, ఓ పక్క అంట్లు తోముతాం, ఓ పక్క ఓడిపోతాం. అదీ పనేనండి."

వసారా చూరులో పిచ్చుక ఒకటి గడ్డిపరక మోసుకొచ్చి, పడేసుకుని, మళ్లీ దాని కోసం దిగింది. భూలక్ష్మి దాన్ని చూస్తున్నట్టే చూస్తూ అడిగింది.

"మరి నాతోనే?"

కాదండి అని చెప్పాలని జ్ఞానమ్మ నోరు తెరిచింది. మన వైపు మనుషుల నోట్లో ఒక మాట ఉంటుంది చూడు, పెద్దవాళ్లు ఏమడిగినా ముందు అదే వస్తుంది. వింటున్నానండి అన్నా అదే, అలాగేనండి అన్నా అదే, అవునండి అన్నా అదే. జ్ఞానమ్మ నోట్లోంచి వచ్చింది కూడా అదే.

"ఆయ్."

వెనక్కి తీసుకుందామంటే ఆ మాటకి కొస లేదు పట్టుకోవడానికి.

"నిన్న గుడ్లు?" అంది భూలక్ష్మి.

జ్ఞానమ్మ తలవంచుకుని ఈనె వైపు చూసింది.

"చిన్నప్పుడు? గుంటలు?"

జ్ఞానమ్మ తల ఎత్తలేదు.

భూలక్ష్మి మెల్లగా గోడ వైపు తిరిగిపోయింది. "ఇంక వెళ్లవే. కాలు నొప్పిగా ఉంది."

సాయంత్రం ఎలీసమ్మ అంతా విని బుగ్గ నొక్కుకుంది. "ఆయ్ అన్నావా? నిజం చెప్పాలనిపిత్తే పాస్టరుగారున్నారు కదే, ఆయనకి చెప్పుకోలేపోయేవా. పెద్దిళ్లలో నిజం చెబుతారంటే ఎవరైనా."

"అడిగితే వచ్చేసింది అత్తా."

"గెలిచినావిడ గెలిచేననుకుంటే నీదేం పోయిందే. ఇప్పుడు చూడు, ఆవిడ గెలిచినవన్నీ నువ్వు పట్టుకొచ్చేసినట్టయ్యింది."

ఆ మాట జ్ఞానమ్మకి ముల్లులా గుచ్చుకుంది. నిజమే. ఇచ్చిందాన్ని మళ్లీ లాక్కుంది. పోనీ తనకేమైనా దక్కిందా అంటే అదీ లేదు. శుక్రవారం వెళ్లిపోతుంది. మళ్లీ ఎప్పుడొస్తుందో. వచ్చేసరికి ఇక కబురు రాదు. పేరు పెట్టి పిలిచే ఒక్క గొంతూ ఇలా ముగిసిపోతుందా అని, బుధవారమంతా ప్రయాణం సామాను సర్దుతూ కంచె వైపే చూసింది. ఆవకాయ జాడీకి గుడ్డ కట్టింది, విప్పింది, మళ్లీ కట్టింది. సింహాద్రి ఆ దారినే రెండుసార్లు పోయాడు. ఒకసారి గడ్డిమోపుతో, ఒకసారి ఊరికే. ఆగలేదు.

గురువారం మధ్యాహ్నం ఇక ఉండలేక, చెప్పి వద్దామని తనే బయలుదేరింది. పిలవకుండా ఆ పెరట్లో అడుగు పెట్టడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

భూలక్ష్మి మంచం మీద దిళ్లకి ఆనుకుని కూర్చుని ఉంది. ఆవిడ ముందు, మంచం మీదే, గుంటల పీట. రెండు వరసల్లో ఏడేసి గుంటలు, అన్నిట్లోనూ చింతగింజలు సమానంగా పోసి ఉన్నాయి.

"ఇప్పుడా రావటం," అంది. "పొద్దున్న నించీ పోసుకు కూచున్నాను."

"కబురు రాలేదండి."

"కబురంపితే పనికొచ్చినట్టు వస్తావు. అందుకనే పంపలేదు. ఆ స్టూలు లాక్కో."

నేల మీద కూర్చుంటే పీట అందదు. నిలబడి ఆడితే ఎంతసేపని. జ్ఞానమ్మ వంటింటి గుమ్మం వైపు ఒకసారి చూసి, స్టూలు మంచం దగ్గరికి జరిపి అంచున కూర్చుంది. ఇద్దరి తలలూ ఒకే ఎత్తులోకి వచ్చాయి. ఇంత కాలానికి భూలక్ష్మి కనుబొమ మీద చిన్న మచ్చ ఉందని అప్పుడు చూసింది.

"ఓడిపోనని ఒట్టు పెట్టు."

"ఒట్టు పెట్టకూడదండి, మా పాస్టరుగారు తిడతారు."

"అయితే మామూలుగా చెప్పు."

"చూసి ఆడతానండి."

ఆట ఎలాగో నీకు తెలియదు కదా. నీ వరసలో ఒక గుంట ఖాళీ చేసి, ఆ గింజలు ఒక్కొక్కటీ పక్క గుంటల్లో, రెండు వరసలూ చుట్టి, వేసుకుంటూ పోవాలి. చేతిలోవి అయిపోతే ఆ పక్క గుంట తీసి మళ్లీ పంచాలి. పక్కది ఖాళీగా ఉంటే దాని అవతల గుంటలో ఉన్న గింజలన్నీ నీవి. ఏ గుంట తీస్తే ఎక్కడ ఆగుతుందో ముందే మనసులో లెక్క కట్టుకోవాలి. వేలు పెట్టి తడిమి చూడకూడదు. గుంట ముట్టుకున్నావంటే అదే ఆడాలి. అది చట్టం.

జ్ఞానమ్మ చెయ్యి చాచింది. చెయ్యి దానంతటదే మూల గుంట మీదికి పోయింది. అది దండగ గుంట. ముట్టుకోబోయి ఆగింది. ఇన్నేళ్లూ పీట వంక చూడగానే ఆవిడ కంటికి ముందు ఆనేది ఓడిపోయే గుంటే. గెలిచే గుంట వెతకాలంటే, చీకట్లో అగ్గిపెట్టె వెతుక్కున్నట్టు వెతుక్కోవలసి వచ్చింది. అయినా వెతికింది. పెదాలు బిగించి, గింజలు గుప్పిట్లో గలగలలాడించకుండా, ఒక్కొక్కటీ దించుకుంటూ ఆడింది. భూలక్ష్మి ముందు జ్ఞానమ్మ చేతి వంక అనుమానంగా చూసింది. తరవాత చెయ్యి వదిలేసి గింజల వంక చూసింది. కాలి దురద కూడా మర్చిపోయింది.

ఆట ముగిసేసరికి జ్ఞానమ్మకి దక్కిన గింజలు దోసిట్లో అడుగుకి కూడా రాలేదు. భూలక్ష్మి ఒళ్లో కుప్ప ఉంది.

"మళ్లీ మొదలెట్టేవా," అంది భూలక్ష్మి. మొహం ముడుచుకుపోయింది.

జ్ఞానమ్మ పీట వంకే చూస్తోంది. "లేదండి," అంది. "ఇది నిజంగానే పోయిందండి." మళ్లీ ఒకసారి గుంటలన్నీ లెక్క చూసుకుంది. "అయ్య బాబోయ్. ఆ మధ్య గుంట మీరు తీత్తారని నేను చూళ్లేదండి. ఉట్టి పుణ్యానికి పోయిందండి."

"నిజంగా?"

"నిజమేనండి. నాకు ఒళ్లు మండిపోతంది."

ఒళ్లు మండుతున్న మాట నిజం. అంతకన్నా వింత ఇంకోటుంది. ఇంతకాలం తను పెట్టిన ముష్టి అనుకుంటూ వచ్చింది కదా, అందులో ఎన్ని ఆవిడ సొంతంగా సంపాదించుకున్నవో. తను దానమిచ్చాననుకుని మురిసిన వాటిల్లో ఎన్ని అసలు ఓటములో. జ్ఞానమ్మకి నవ్వొచ్చింది. ఆపుకోబోతే ఎక్కువైంది.

భూలక్ష్మి కూడా నవ్వింది, కానీ కంట్లో నీళ్లు తిరిగాయి. "రెండు రాత్రులు పడుకోలేదే నేను. అత్తారింట్లో ఏ మాట నెగ్గకపోయినా, పోన్లే, గుంటల్లో నన్ను ఓడించినవాళ్లు లేరు అనుకునేదాన్ని. అదీ నువ్వు పారేసిన గుడ్డేనా అని."

"ఇది మాత్రం నేను పారెయ్యలేదండి. మీరే లాక్కున్నారు."

"అయితే ఇంకోటి పొయ్యి."

రెండో ఆట. ఇక మాటల్లేవు. వసారాలో ఎండ మంచం కోడు దాకా వచ్చింది. జ్ఞానమ్మ స్టూలు అంచున కాక నిండా కూర్చుంది. ఎప్పుడు జరిగిందో తెలియదు, మోచెయ్యి మంచం పట్టె మీద ఆనించింది. గెలిచే గుంటలు ఇప్పుడు వాటంతటవే కంటికి ఆనుతున్నాయి. గింజలు దించుతుంటే బంతాటలో చెయ్యి వెళ్లినట్టే వెళుతోంది, ఆపే పని లేదు. ఒళ్లో కుప్ప పెరిగింది. భూలక్ష్మి ఒళ్లోనూ పెరిగింది. వంటింట్లోంచి సత్యనారాయణమ్మ మజ్జిగ చెంబూ గ్లాసూ పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది. ఇద్దరిలో ఎవరూ చూడలేదు.

భూలక్ష్మి చెయ్యి చాచి తన వరసలో నాలుగో గుంటలో వేళ్లు పెట్టింది. గింజలు కాస్త పైకెత్తింది. కళ్లతో ముందుకి లెక్క కట్టింది. కట్టి, మెల్లగా ఆ గింజలు మళ్లీ అందులోనే వదిలి, పక్క గుంట మీదికి చెయ్యి జరిపింది.

జ్ఞానమ్మ ఆ చేతిని పట్టేసుకుంది.

"ముట్టుకున్నావుగా. ముట్టుకున్నాక ఇంక వదలటానికి లేదు. తొండి ఆడకు భూలక్ష్మీ."

అండీ లేదు, గారూ లేదు. జ్ఞానమ్మ మొహంలో నెత్తురు దిగిపోయింది. భూలక్ష్మి మణికట్టు ఇంకా తన గుప్పిట్లోనే ఉంది. వదలాలని కూడా తోచలేదు.

"ఏవిటే ఆ పిలుపు," అంది గుమ్మంలోంచి సత్యనారాయణమ్మ. "ఎవరనుకుంటున్నావే?"

భూలక్ష్మి తల తిప్పలేదు. ఆ నాలుగో గుంట వైపే చూస్తోంది, దొంగతనం చేస్తూ దొరికిపోయిన పిల్లలా. చెవులు ఎర్రబడ్డాయి.

"మీరాగండి వదినా," అంది. "ముట్టుకున్న మాట నిజమే."

జ్ఞానమ్మ చెయ్యి వదిలింది. భూలక్ష్మి నాలుగో గుంటలో గింజలన్నీ గుప్పిట్లోకి తీసి, ఒక్కొక్కటీ వేసుకుంటూ పోయింది. ఆఖరి గింజ ఎక్కడ పడుతుందో ఇద్దరికీ తెలుసు. పడింది. పక్క గుంటా ఖాళీయే, దాని అవతలదీ ఖాళీయే. ఏమీ దక్కలేదు. ఇక జ్ఞానమ్మ వంతు. భూలక్ష్మి చివర పెద్ద గుంట గింజలతో పొంగిపోతూ ఉంది, దిక్కులేకుండా.

జ్ఞానమ్మ కదల్లేదు.

"ఊఁ," అంది భూలక్ష్మి. "నీ వంతే. చూస్తావేం, ఆడు. ఇప్పుడు గానీ వదిలేశావంటే, రేపు బస్సెక్కనివ్వను."

జ్ఞానమ్మ తన వరసలో ఒక గుంట తీసింది. గింజలు దించుకుంటూ పోయి, ఆ పెద్ద గుంట రెండు చేతులా ఎత్తుకుంది. ఒళ్లో పట్టక కొన్ని మంచం మీదికి దొర్లాయి. భూలక్ష్మే వాటిని ఏరి ఆవిడ ఒళ్లో పోసింది.

సత్యనారాయణమ్మ ఇంకా అక్కడే నిలబడి ఉంది. తరవాత ఆవిడ లోపలికి వెళ్లి, జ్ఞానమ్మకి ఇంకో గ్లాసు తెచ్చి, మజ్జిగ పోసి, ఆ గ్లాసు నేల మీద పెట్టాలా ఎక్కడ పెట్టాలా అని కాసేపు పట్టుకునే ఉండి, చివరికి పీట పక్కన, మంచం పట్టె మీద పెట్టి వెళ్లిపోయింది. ఏమన్నా వీళ్లు వినే స్థితిలో లేరు. మూడో ఆటకి గింజలు పోసుకుంటున్నారు.

ఇదమ్మా జరిగింది. నువ్వు కూడా ఎవరికైనా చెప్పు, మర్చిపోకు. మీ పిల్లలకి చెప్పేటప్పుడు వాళ్లు తప్పకుండా అడుగుతారు, మూడో ఆట ఎవరు గెలిచారని. నాకు తెలియదని చెప్పు. కానీ ఇద్దరూ గెలవాలనే ఆడారని మాత్రం గట్టిగా చెప్పు.